నౌపడ షావుకారి పలక వాచీ

ఈమధ్య నన్ను వెతుక్కుంటూ కుర్రాళ్ళు వస్తున్నారు. విజయనగరంలో వాచీలు బాగుచేసి బతికినవాణ్ణి. దుకాణం కట్టేసి ఇంట్లో కూర్చున్నాక నాకోసం ఎవరైనా వస్తారని కలలో కూడా అనుకోలేదు. దుకాణం మూసేసిన రోజున ఎదుటి సెల్‌ఫోన్ రిపేరు అతను ఒక్కడే వచ్చాడు. అదీ నా బల్ల అమ్ముతానేమో కనుక్కోవడానికి.

ఇప్పుడు వచ్చేవాళ్ళు బాగా చదువుకున్నవాళ్ళు. పాత వాచీలంటే మోజు. ఫోనులో వీడియోలు చూసి, కంటికి పెట్టుకునే గ్లాసూ ట్వీజర్లూ తెప్పించుకొని, ఇంట్లో ఉన్న తాతగారి వాచీని ఊడదీస్తారు. తిరిగి బిగించడం రాక ఆ ముక్కలన్నీ ఇడ్లీ రేకు గుంటల్లో వేసుకొని నా దగ్గరికి మోసుకొస్తారు. ఈ పని నేర్చుకుంటాం అంటారు. వద్దని చెప్పను. చెప్పినా వినరు, ఆ వయసులో నేనూ వినలేదు. వాళ్ళకి పనికొచ్చే నాలుగు ముక్కలు రాసిపెడదామని కూర్చున్నాను.

వాళ్ళందరూ తిప్పి తిప్పి అడిగేది ఒకటే. సన్నగా, నిలువుగా, పలకలా ఉండే పాత బంగారు వాచీ ఎప్పుడైనా చేశారా, దాంట్లో అంత ఏముంది, జనం ఎందుకు పడిచస్తారు అని. చేశాను. దానివల్లే ఒక ఇంటిల్లిపాది ముందు వెర్రివాణ్ణయ్యాను. కాబట్టి దాని గురించి చెప్పడానికి నాకు కావలసినంత అర్హత ఉంది.

గవరయ్యగారి బల్ల

మాది ఎచ్చెర్ల దగ్గర పల్లెటూరు. అన్నదమ్ములం పంచుకుంటే నా వాటాకి పొలం పోయి గట్టు మిగిలేలా ఉందని మా నాన్న నన్ను తీసుకొచ్చి విజయనగరంలో గవరయ్యగారి దుకాణంలో పెట్టాడు. గంటస్తంభానికి దగ్గర్లో, అద్దాల వెనక ఒక బల్ల, రెండు స్టూళ్ళు. అంతే దుకాణం.

గవరయ్యగారు కంటికి గ్లాసు తీయకుండానే మాట్లాడేవారు. ఎదుటివాడి మొహంలో తుప్పు ఎక్కడుందో వెతుకుతున్నట్టుండేది. తిట్టేవారు కాదు. కోపం వస్తే మాట్లాడడం మానేసేవారు. తిట్టినా బాగుండును అనిపించేది.

మొదట్లో నాకు అప్పగించిన పని బెల్టులు మార్చడం, ఊడదీసిన ముక్కల్ని పెట్రోలులో కడగడం. సాయంత్రం బస్సెక్కితే నా చేతుల వాసనకి పక్కవాళ్ళు బీడీ ఆర్పేసేవారు. అది నాకు ఇస్తున్న మర్యాద అనుకొని కొన్నాళ్ళు మురిసిపోయాను కూడా.

చేయి కుదిరాక నోరు కుదరడానికి మరికొంత కాలం పట్టింది. ఒకాయన కోర్టులో ఉద్యోగి. ఉద్యోగం వచ్చినప్పుడు పెదనాన్నగారు పెట్టిన బంగారు వాచీ అంటూ ఆగిపోయినదాన్ని తెచ్చాడు. నేను గ్లాసు పెట్టి చూసి, అంచు దగ్గర ఇత్తడి తేలిందనీ, ఇది బంగారం కాదు, వట్టి పూతేననీ గట్టిగా చెప్పాను. నా చూపుని నేనే మెచ్చుకున్నాను. ఆయన మొహం మాడిపోయింది. వాచీ జేబులో వేసుకొని వెళ్ళిపోయాడు, మళ్ళీ మా వీధి తొక్కలేదు. గవరయ్యగారు ఆ పూటంతా మౌనం. దుకాణం కట్టేటప్పుడు మాత్రం ఒక్క మాటన్నారు.

"ఆయన ఆగిపోనాదని తెచ్చేడు. బంగారమా కాదా అని నిన్నడిగేడేటి?"

పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళు ఈ మాట గుర్తుంచుకోండి. నేను గుర్తుంచుకున్నాను గానీ, అవసరమైనప్పుడల్లా మరిచిపోయాను.

ఇంకో సంగతి చెప్పాలి, లేకపోతే తర్వాత కథ అర్థం కాదు. బాగుచేసిన వాచీని మేం వెంటనే ఇచ్చేవాళ్ళం కాదు. చేతికి కట్టుకొని తిరిగి చూసేవాళ్ళం. బల్ల మీద పడుకున్న వాచీ బుద్ధిగానే ఉంటుందనీ, మనిషి చెయ్యి ఊపుతూ నడిచినప్పుడు, చెమట పట్టినప్పుడు, నిద్రలో పక్క తిరిగినప్పుడు దాని అసలు గుణం బయటపడుతుందనీ గవరయ్యగారి నమ్మకం. దీన్ని టెస్టింగ్ అనేవాళ్ళం. నా రెండు చేతులకీ మోచేతుల దాకా ఊళ్ళోవాళ్ళ వాచీలుండేవి. ఎండాకాలంలో కూడా పొడుగు చేతుల చొక్కాలే తొడిగేవాణ్ణి. పొద్దున్నే రేడియోలో టైము చెప్పినప్పుడు వాటన్నిటినీ దాంతో సరిచూడాలి. టెస్టింగ్ వాచీతో ఇంటికి వెళ్ళొచ్చు, దుకాణానికి రావచ్చు. పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ వెళ్ళకూడదని ఆయన నాకు ప్రత్యేకంగా చెప్పలేదు. చెప్పాల్సిన మాట అని ఆయనకి తోచి ఉండదు.

అది వచ్చిన రోజు

నౌపడ నుంచి ఒక గుమస్తా రైల్లో వచ్చి, మెత్తటి గుడ్డలో చుట్టిన వాచీని గవరయ్యగారి చేతిలో పెట్టి వెళ్ళాడు. ఉప్పు షావుకారుదట. ఎప్పుడో కలకత్తా వెళ్ళినప్పుడు కొనుక్కున్నాడట. ఆగిపోయి చాలాకాలమైనా చేతినుంచి తీయకుండా తిరిగాడట. ఆగిపోయిన వాచీ కట్టుకొని తిరిగే మనిషేం మనిషని నేను నవ్వాను. గుడ్డ విప్పాక నవ్వలేదు.

గుండ్రటి వాచీ అంటే గోడ గడియారం చిన్నదై చేతికొచ్చినట్టే. ఇది అలా కాదు. ముళ్ళు తిరిగేది గుండ్రంగా, మరి పెట్టె నిలువుగా ఎందుకు చెయ్యాలి? మూలల్లో చోటు వృథా కాదా? అవసరం ఏమీ లేదు. అందంగా ఉంటుందని చేశారు, అంతే. నాలుగు అంచులూ సూటిగా, మూలలు వేలు తెగేంత పదునుగా ఉన్నాయి. వెనకవైపు మాత్రం మణికట్టు ఎముక మీద కుదురుకునేలా కాస్త వంచారు. కొత్త నగల్లో ఉండే మిడిసిపడే పసుపు మెరుపు లేదు. చాలా ఏళ్ళు ఒంటిమీద ఉన్న బంగారానికి వచ్చే మెత్తని రంగు. తెల్లటి డయలు కాలం గడిచి మీగడ రంగుకి తిరిగింది. ముళ్ళు నీలంగా ఉన్నాయి. కింద బొటనగోరంత చోటులో సెకన్ల ముల్లు తన పని తాను చేసుకోవడానికి ఒక చిన్న చదరం. చొక్కా చేతి కింద దాక్కునేంత పలచన. దాని గొప్ప అక్కడే ఉంది. చూపించుకోదు. ఎదుటివాడు చెయ్యి చాపినప్పుడో గ్లాసు ఎత్తినప్పుడో ఒక్కసారి మెరిసి లోపలికి పోతుంది.

నాది పొట్టి చెయ్యి, లావు వేళ్ళు. అది పెట్టుకున్నప్పుడు నా చెయ్యి కూడా పొడుగ్గా, ఎవరో పెద్దమనిషి చెయ్యిలా కనిపించింది.

మెకానిక్కుగా చెప్పమంటే వేరే మాట చెబుతాను. టైము చూసుకోవడానికైతే అలాంటిది కొనకండి. గుండ్రటి వాచీ మూతని బిగుతుగా తిప్పి మూయొచ్చు. దీని మూత నాలుగు అంచుల్నీ నొక్కి మూయాలి, ఎక్కడో ఓచోట సందు ఉండిపోతుంది. దుమ్ము, చెమట దూరిపోతాయి. నౌపడ ఉప్పు గాలి మరీను. లోపల తుప్పు పొడి రాలింది. మెషిన్ కూడా పలకలాగే నిలువుగా ఉంటుంది గనక ఏ ముక్కా దొరకదు. డయలు మీది అద్దం కోసం ప్లాస్టిక్ రేకు కత్తిరించి ఆకురాయితో అరగదీస్తూ కూర్చున్నాను. పాడైన ముక్కలు గవరయ్యగారికి కనబడకుండా జేబులో వేసుకున్నాను, ఆయన అడక్కుండా ఒక పూట నా జేబు వైపు చూశారు. స్ప్రింగు ఎక్కడా దొరక్కపోతే వేరే వాచీది కత్తిరించి కూర్చోబెట్టాం. అంటే కీ పూర్తిగా ఇవ్వకూడదు, రెండు చుట్లు తగ్గించి ఆపేయాలి.

అంత తిప్పలు పెట్టిందా, చివరికి నడిచింది. చెవి దగ్గర పెట్టుకొని విన్నాను. ఆ రోజు మరో పని చెయ్యలేదు.

టెస్టింగ్

దాన్ని టెస్టింగ్‌కి నేనే పెట్టుకుంటానన్నాను. మొదటి రెండు రోజులు వెనకబడింది, నిజమే. సరిచేశాను. ఆ తర్వాత రేడియోతో పాటు అడుగులో అడుగేసి నడిచింది. నేను మాత్రం రోజూ గవరయ్యగారితో ఇంకా కొంచెం తేడా వస్తోందనే చెప్పాను. ఆయన ఊఁ అనేవారు.

ఆ రోజుల్లో నా వేషం ఎవరైనా చూసుంటే జాలిపడేవారు. ఎడమ చేతికి అది తప్ప మరే వాచీ ఉండకూడదని మిగతావన్నీ కుడి చేతికి మార్చేశాను. కుడి చెయ్యి బరువెక్కి కిందికి వేలాడేది. ఎడమ చెయ్యి గాల్లో తేలేది. చొక్కా చెయ్యి ఎంత పైకి లాగితే సగం కనిపిస్తుందో అద్దం ముందు నిలబడి చూసుకున్నాను. అవసరం లేకపోయినా కిళ్ళీ కొట్టుకి వెళ్ళి ఎడం చేత్తో వక్కపొడి అందుకునేవాణ్ణి. టీ కొట్టాయన ఒకరోజు బాబుగారూ అని పిలిచాడు. వెనక్కి తిరిగి చూశాను, వెనక ఎవరూ లేరు. అప్పటినుంచి నా నడక కూడా మారింది.

సరిగ్గా అప్పుడే రామతీర్థంలో సంబంధం ఉందని మా అమ్మ కబురు పెట్టింది.

రామతీర్థంలో

మా అమ్మ, మా అప్ప మొగుడు సూరిబావ, నేను వెళ్ళాం. బావకి మాటకారి అని పేరు. ఆ పేరు నిలబెట్టుకోవడానికి ఎంతకైనా తెగిస్తాడు.

అమ్మాయి పేరు సత్యవతి. అంతకుముందు నేను చూసిన ఇద్దరు ముగ్గురు పిల్లలు తలొంచుకుని కాఫీ ఇచ్చి వెళ్ళిపోయారు. ఈ అమ్మాయి గ్లాసు నా చేతికిస్తూ నా మొహంలోకి చూసి, వేడిగా ఉంది, అంచు పట్టుకోండి అని చెప్పింది. అంతే. నాకు ఈ అమ్మాయే కావాలనిపించింది. అలా ఎందుకు అనిపించిందో అప్పుడూ తెలీదు, ఇప్పుడూ చెప్పలేను. కాఫీ ఎడమ చేత్తోనే తాగానని మాత్రం గుర్తుంది.

వాళ్ళ మామ్మ కళ్ళు అక్కడే పడ్డాయి. బంగారు వాచీయే అంది. నేను నోరు తెరిచేలోగా సూరిబావ అందుకున్నాడు. అది మా మావోళ్ళ తాతదనీ, ఇలాంటివి ఆ ఇంటికి కొత్తేమీ కాదనీ చెప్పేశాడు. మా తాతకి నడుముకున్న మొలతాడు తప్ప మరో ఆస్తి లేదు. మా అమ్మ నా వైపు చూసింది. నేను కాఫీ గ్లాసులోకి చూశాను.

అన్నీ కుదిరేలా ఉన్నాయి. అమ్మాయి మేనమామ వచ్చి ఊఁ అంటే తాంబూలాలే అన్నారు. ఆయన రైలు ఆలస్యమైందట. కాసేపటికి వచ్చారు. పెద్ద మనిషి, పెద్ద మీసం, పేరు దాలినాయుడుగారు. వచ్చి నా ఎదుటే కూర్చున్నారు. ఆయన ఎడమ మణికట్టు మీద ఎండ తగలని తెల్లటి మచ్చ ఒకటుంది, నిలువుగా, పలకలా. అలాంటివి కనిపెట్టడమే నా వృత్తి. కానీ నేను ఆ సమయంలో సత్యవతి నిలబడిన గుమ్మం వైపు చూస్తున్నాను.

ఆయన టైమెంతైందని అడిగారు. నేను చెయ్యి నెమ్మదిగా ఎత్తి, చొక్కా చెయ్యి లాగి, నిమిషాలతో సహా చెప్పాను. బాగా నడుస్తోందా అని అడిగారు. సెకను తేడా రాదన్నాను. ఓపాలి ఇలాగియ్యి అన్నారు. విప్పి ఇచ్చాను. అరచేతిలో పెట్టుకొని బరువు చూసి, వెనక్కి తిప్పి చూసి, ఏమీ అనకుండా కీ ఇవ్వడం మొదలుపెట్టారు. పెద్ద వేళ్ళు. ఆయన తిప్పుతుంటే స్ప్రింగు బిగుస్తున్న చప్పుడు నా పళ్ళలో వినబడుతోంది. ఇంకొక్క చుట్టు. ఇంకొకటి. నా ప్రాణం పోతోంది.

"చాలండీ, చాలు. అంత కీ ఇవ్వకూడదు. దాని స్ప్రింగు దానిది కాదు, వేరే వాచీది కత్తిరించి నేనే వేశాను."

ఆయన చెయ్యి ఆగింది.

"నువ్వేసేవా? మీ తాత వాచీకి?"

సూరిబావకి పొలమారింది. దాలినాయుడుగారు అందరి వైపూ తిరిగి, ఈ వాచీ తనదనీ, నౌపడ నుంచి మనిషిని పంపినప్పుడల్లా గవరయ్య టెస్టింగ్‌లో ఉందని చెప్పి పంపిస్తున్నాడనీ, ఆ టెస్టింగ్ ఎక్కడ జరుగుతోందో ఇప్పుడు తెలిసిందనీ నిదానంగా చెప్పారు. ఆయన అరిచినా బాగుండేది. మా అమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. నాకు తల కొట్టేసినట్టయింది.

అప్పుడు గుమ్మం దగ్గరి నుంచి సత్యవతి మాట వినబడింది.

"అయితే మావా, అది బాగయినట్టా, కానట్టా?"

ఆయన నా వైపు చూశారు. బాగైందనీ, వారం పైనే అయిందనీ చెప్పాను.

"మరెందుకియ్యనేదు?" అన్నారాయన.

"ఇవ్వబుద్ధి కాలేదండి," అన్నాను.

అంతకన్నా మంచి జవాబు అప్పుడు దొరకలేదు. ఆ వాచీ గురించి ఇన్నేళ్ళు ఆలోచించినా ఇప్పటికీ దొరకలేదు.

ఎంతవరకు కీ ఇవ్వాలో చూపించమని వాచీ నా చేతికిచ్చారు. నేను జేబురుమాలు తీసి వెనకవైపు చెమట తుడిచి, ఎక్కడ ఆపాలో ఆయన వేలు పట్టుకొని చూపించి, రెండు చేతులతో తిరిగి ఇచ్చాను. ఇవన్నీ ఆలోచించి చేసినవి కావు. చేతులకి అలవాటైన పని, చేసేశాయి. తర్వాత చెప్పులేసుకొని బయటపడ్డాం. బస్సులో సూరిబావ నన్ను తెగ తిట్టాడు. నేను నోరు మూసుకొని ఉంటే ఆయన చెప్పిన తాత కథ నిలబడేదట.

మళ్ళీ దుకాణంలో

మర్నాడు గవరయ్యగారికి జరిగిందంతా చెప్పాను. పనిలోంచి తీసేస్తారనే అనుకున్నాను. ఆయన గ్లాసు తీయకుండానే విన్నారు. ఆ తర్వాత, అది ఎప్పుడు సరైందో తనకి తెలుసన్నారు. రోజూ రేడియో టైముకి నా చెయ్యి వైపు చూస్తూనే ఉన్నారట. మరెందుకు అడగలేదంటే, పలక వాచీతో తను కూడా ఒకప్పుడు నెల్లాళ్ళు తిరిగానని చెప్పి పనిలో పడిపోయారు. అప్పటికి నాకు కాస్త ఊపిరాడింది. ఆ మనిషి మీద నాకున్న భయం ఆ రోజుతో పోయింది, గౌరవం మిగిలింది.

కానీ సంబంధం పోయిందని నాకు తెలుసు. దుకాణంలో కూర్చున్నానే గానీ అన్నం సయించలేదు. పోయింది వాచీ అయితే మరో వాచీ వస్తుంది. అంచు పట్టుకోండి అని చెప్పిన మనిషి మళ్ళీ ఎక్కడ దొరుకుతుంది?

కొన్నాళ్ళకి దాలినాయుడుగారు దుకాణం ముందు రిక్షా దిగారు. చేతికి వాచీ ఉంది. నేను చటుక్కున బల్ల కిందికి దూరాను.

"కిందేటి ఎతుకుతన్నావు?" అన్నారు.

"స్క్రూ పడిందండి."

"దొరికేక లేసి కూకో."

ఏ స్క్రూ దొరకలేదు. లేచి కంటికి గ్లాసు పెట్టుకొని కూర్చున్నాను. ఆయన గవరయ్యగారు లేచి ఇచ్చిన స్టూలు మీద కూర్చొని, తన బావ, అంటే సత్యవతి తండ్రి, ఈ సంబంధం వద్దే వద్దన్నాడని చెప్పారు. పరాయివాడి వాచీతో పెళ్ళిచూపులకొచ్చినవాడు రేపు ఇంకేం పట్టుకొస్తాడో అని ముసలమ్మ కూడా అందట. అనడంలో తప్పు లేదు. నేను తలూపాను. నా మీద నేరాలు ఎవరు చెబుతున్నా తలూపడమే బాగుంటుందనిపించింది.

"మా గుంట సత్యవతి మాత్రం ఇంకో మాటంది," అన్నారాయన. "పరువు పోయినోడు ముందు గుమ్మమెటున్నాదో సూసుకుంతాడు మావా, అతను వాచీ ఎనకాల సెమట తుడిసేడు. నానతన్నే సేసుకుంతాను అన్నాది."

నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చేశాయి. కంటికి గ్లాసుంది కదా, ఎవరికీ తెలీదనుకున్నాను. గ్లాసు వెంటనే మసకేసింది. గవరయ్యగారు తన భుజం మీది తువ్వాలు తీసి నా ముందు పెట్టారు.

ఆ తర్వాత సొంతంగా దుకాణం పెట్టుకున్నాను. ఎన్నో వాచీలు చేశాను. ఇప్పుడు పనిలోకి వచ్చేవాళ్ళకి నేను చెప్పగలిగేది తక్కువ. వాచీ సరైన రోజునే ఇచ్చేయండి. టెస్టింగ్ ఎన్నాళ్ళని అడిగితే నిజం చెప్పండి. పలక వాచీ వచ్చినప్పుడు మాత్రం జాగ్రత్త. అది మీ పొట్టి చేతిని పొడుగు చేస్తుంది. దాన్ని నమ్మకండి. నేను వాటిని టెస్టింగ్‌కి ఇంట్లో సత్యవతి చేతికి కట్టేవాణ్ణి. ఆమె అంట్లు తోమే ముందు విప్పి గూట్లో పెట్టేసేది, మళ్ళీ కట్టుకోవడం మరిచిపోయేది. అలా మా ఇంట్లో టెస్టింగ్ ఎప్పుడూ సరిగ్గా జరగలేదు, ఏ వాచీ మీదా ఎవరికీ మోజు పుట్టనూ లేదు.

మా పెళ్ళి ఫొటో ఒకటే ఉంది. తాళి కట్టాక తీసింది. దాలినాయుడుగారు వెనక నిలబడి నా భుజం మీద ఎడమ చెయ్యి వేశారు, వాచీ స్పష్టంగా పడింది. సత్యవతి కెమెరా వైపు చూస్తోంది, మా అమ్మ చూస్తోంది, సూరిబావ అయితే కెమెరాలోకి వచ్చేస్తున్నట్టున్నాడు. పెళ్ళికొడుకు ఒక్కడే తల పక్కకి తిప్పి తన భుజం వైపు చూసుకుంటున్నాడు.